సేవ కూడా ఒక వృత్తే: ఇలాబెన్ భట్ జీవితం మా ఇంటికి నేర్పిన పాఠాలు

గత ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉదయం మా అమ్మాయి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అమ్మా, ఈసారి పీవో పరీక్ష రాయను. నాకు ఉద్యోగం వచ్చింది" అంది. ఎక్కడ అని అడిగాను. బడి మానేసిన ఆడపిల్లల్ని మళ్లీ చదువులో పెట్టే ఒక స్వచ్ఛంద సంస్థలో అని చెప్పింది. జీతం నెలకు 22,000. ఉండాల్సింది మండల కేంద్రంలో.

మా అత్తగారు చేతిలో ఉన్న చిక్కుడుకాయలు పళ్లెంలో పడేశారు. "మీ అమ్మ పాతికేళ్లకే పర్మినెంటు ఉద్యోగం తెచ్చుకుంది. నువ్వేమో ఊళ్ల వెంట తిరుగుతానంటావు!" అన్నారు. మా వారు పేపరులోంచి తల ఎత్తలేదు. అంటే ఆయనకూ ఇష్టం లేదన్నమాట.

నేను బ్యాంకులో 33 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అప్పు అడిగిన వాళ్లకు వెంటనే అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. కాగితాలు చూసి చెబుతాను. పిల్లకీ అదే చెప్పాను. "నాకు నెల రోజులు గడువియ్యి. ఈ రంగంలో జీవితమంతా పనిచేసిన ఒకరి గురించి చదువుతాను. నువ్వూ చదువు. తర్వాత కూర్చుందాం."

ఎవరి గురించి చదవాలో అదే చెప్పింది. "ఇలాబెన్ భట్ గురించి చదువమ్మా. ఆవిడా ఒక బ్యాంకు పెట్టింది, నీకు తొందరగా అర్థమవుతుంది" అంది. ఆ నెలలో నేను చదువుకున్నది, మా ఇంట్లో మాట్లాడుకున్నది మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం. మన కుటుంబాల్లో ఇలాంటి మాట అనే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

తల్లిదండ్రులకు నచ్చని దారి

ఇలాబెన్ 1933లో అహ్మదాబాదులో పుట్టారు. పెరిగింది సూరత్‌లో. తండ్రి న్యాయవాది. తల్లి మహిళా ఉద్యమంలో పనిచేసిన మనిషి. చదువు, మర్యాద, స్థితి ఉన్న ఇల్లు. కాలేజీలో ఉండగా 1951 జనాభా లెక్కలు వచ్చాయి. రమేశ్ భట్ అనే విద్యార్థి నాయకుడు మురికివాడల్లో వివరాలు రాయడానికి తోడు రమ్మని అడిగాడు. ఆ వాడల్లో, ముక్కూ మొహం తెలియని కుర్రాడితో కూతురు తిరగడం తల్లిదండ్రులకు నచ్చలేదు. అయినా ఆమె వెళ్లారు. కొన్నేళ్లకు అతన్నే పెళ్లి చేసుకున్నారు. పిల్ల బీదరికంలో పడుతుందని ఇంట్లో దానికీ అభ్యంతరం చెప్పారు.

ఈ పేజీ చదివి వినిపించి మా అమ్మాయి నా వంక చూసి నవ్వింది. నేను నవ్వలేదు. ఆ తల్లిదండ్రుల భయం నాకు బాగా అర్థమైంది. అది చెడ్డ భయం కాదు. కానీ వాళ్లకు కనిపించింది మురికివాడ ఒక్కటే. అక్కడ తమ కూతురు ఏం నేర్చుకుంటోందో కనిపించలేదు.

1954లో లా పూర్తిచేసి, 1955లో ఆమె అహ్మదాబాదులోని మజూర్ మహాజన్ అనే జౌళి కార్మిక సంఘంలో న్యాయ విభాగంలో చేరారు. గాంధీజీ మార్గదర్శకత్వంలో, అనసూయా సారాభాయ్ చొరవతో 1920లో ఏర్పడిన సంఘం అది. 1968లో దాని మహిళా విభాగం బాధ్యత ఇలాబెన్‌కు వచ్చింది. మిల్లు కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు కుట్టుపని వంటివి నేర్పే విభాగం. సాఫీగా సాగే పని. కావాలంటే అక్కడే రిటైరై ఉండవచ్చు.

మొదటి పాఠం: ముందు వినాలి, తర్వాత లెక్క కట్టాలి

1971లో బట్టల మార్కెట్లో తల మీద మూటలు మోసే ఆడవాళ్లు, బండ్లు లాగేవాళ్లు ఆమె దగ్గరికి వచ్చారు. ఊరొదిలి పనికోసం వచ్చి రోడ్డు పక్కన ఉంటున్నవాళ్లు. ఇళ్ల సంగతి చెప్పుకోవడానికి వచ్చారు. ఆమె వాళ్ల వెంట మార్కెట్టుకు వెళ్లి చూస్తే, ఎన్ని మూటలు మోశారో, ఎంత దూరం మోశారో సరైన లెక్కే లేదు. ఇచ్చినంతే కూలి.

ఇలాబెన్ దాని గురించి పత్రికకు రాశారు. వర్తకులు ఊరుకోలేదు. తాము న్యాయమైన కూలే ఇస్తున్నామని, ఫలానా రేటు ఇస్తున్నామని వాళ్లూ పత్రికలో రాయించారు. ఆమె దానికి జవాబు రాయలేదు. వర్తకులు చెప్పిన ఆ రేట్లనే కార్డుల మీద అచ్చు వేయించి కూలీ ఆడవాళ్ల చేతుల్లో పెట్టించారు. "మీరు చెప్పిన రేటే కదా, ఇవ్వండి" అని అడగడానికి.

ఈ సంగతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. స్వచ్ఛంద సంస్థ అంటే జాలి, విరాళం, దుప్పట్ల పంపిణీ అనుకునేదాన్ని. ఇది జాలి కాదు. వసూలు అధికారికి ఉండాల్సిన చురుకుదనం.

ఆ ఏడాది డిసెంబరులో ఆడవాళ్లంతా ఒకచోట కూడారు. పాత బట్టలు కొని అమ్మే ఒకామె మనకూ ఒక సంఘం ఉండాలంది. కార్మిక శాఖ మాత్రం రిజిస్టరు చేయడానికి ఒప్పుకోలేదు. వీళ్లకు యజమాని లేడు, ఇక సంఘం ఎవరితో పోరాడుతుందని వాళ్ల ప్రశ్న. సంఘం ఉండేది ఎవరి మీదో పోరాడటానికి కాదు, పనిచేసేవాళ్లు ఒక్కటి కావడానికి అని ఇలాబెన్ వాదించారు. చివరికి 1972 ఏప్రిల్‌లో స్వయం ఉపాధి మహిళల సంఘం రిజిస్టరయింది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'సేవా'. అదే పేరు నిలిచిపోయింది.

రెండో పాఠం: పది రూపాయల వాటా

ఇక్కడ మన బ్యాంకుల కథ వస్తుంది. 1969 జాతీయీకరణ తర్వాత బీదవాళ్లకూ అప్పులివ్వాలని బ్యాంకులు ముందుకొచ్చాయి. సేవా సభ్యులు కూడా వెళ్లారు. కానీ పొద్దున మార్కెట్టుకు పోయేవాళ్లకు బ్యాంకు వేళలు కుదరవు. చంకన పిల్లలు. చెమట బట్టలు. సంతకం రాదు. కౌంటరు అవతల ఉన్నవాళ్లకు విసుగు.

ఈ భాగం చదవడం నాకు తేలిక కాలేదు. ఎందుకో చెబుతాను.

1994లో నేను ఒక చిన్న పట్టణంలోని శాఖలో గుమస్తాను. నెల మొదటి వారం. పెన్షనర్ల వరుస తలుపు దాటి ఉంది. పూలమ్మే ఒకావిడ చీర కొంగు ముడి విప్పి, తడిసిన నోట్లు, చిల్లర కౌంటరు మీద పోసింది. ఫారం నింపలేదు. "మధ్యాహ్నం రామ్మా, ఇప్పుడు కుదరదు" అన్నాను. మధ్యాహ్నం ఆవిడకు పూల బేరం ఉంటుందని నాకు తట్టలేదు. మర్నాడు వచ్చింది. మళ్లీ అదే మాట. మూడోరోజూ వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

ఏడాది తర్వాత గుడి దగ్గర కనిపించింది. దాచుకున్నదంతా వాళ్ల వీధిలో చీటీలు నడిపే మనిషి చేతిలో పెట్టిందట. అతను రాత్రికి రాత్రి ఊరొదిలి పోయాడు. "మీ బ్యాంకు మాలాంటోళ్లకు కాదులే తల్లీ" అంది. కోపంగా కాదు, మామూలుగానే. నా జడలో పెట్టుకొమ్మని మూర మల్లెపూలు కూడా కోసి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

ఇన్నేళ్లలో ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను.

అహ్మదాబాదు ఆడవాళ్లు మాత్రం ఇంటికి పోయి ఊరుకోలేదు. మనకే ఒక బ్యాంకు ఉంటే పోదా అనుకున్నారు. మనం బీదవాళ్లమే కానీ ఎంతమందిమో కదా అన్నది వాళ్ల ధైర్యం. 4,000 మంది తలా పది రూపాయలు వాటాధనం వేశారు. అంటే 40,000 రూపాయలు. సంతకం కూడా రాని ఆడవాళ్లు బ్యాంకు ఎలా నడుపుతారని సహకార శాఖలో సందేహం. వ్యవస్థాపక సభ్యులు రాత్రి కూర్చుని తమ పేర్లు రాయడం నేర్చుకుని, మర్నాడు కాగితాల మీద సంతకాలు పెట్టారు. 1974 మేలో శ్రీ మహిళా సేవా సహకారీ బ్యాంకు పుట్టింది.

మొదటి రెండేళ్లు ఆ బ్యాంకు సభ్యుల పొదుపు తీసుకుంటూ, జాతీయ బ్యాంకుల నుంచి వాళ్లకు అప్పులు ఇప్పించే వారధిగా నిలిచింది. 1976 నుంచి తన నిధుల్లోంచే అప్పులివ్వడం మొదలుపెట్టింది. చదువురాని ఖాతాదారును పాస్‌బుక్కు మీది ఫొటోతో గుర్తుపట్టారు. ఖాతాదారు బ్యాంకుకు రాలేకపోతే బ్యాంకు మనుషులే వాడకు వెళ్లి పొదుపు తీసుకున్నారు.

మన రాష్ట్రాల్లో డ్వాక్రా సంఘాలతో పనిచేసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అనుసంధానం ప్రయోగం మొదలుపెట్టింది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, సరైన పుస్తకాలు అనే పంచసూత్రాలు మన ఫీల్డ్ ఆఫీసర్లకు కంఠతా వచ్చు. తేడా ఏమిటంటే, సేవా బ్యాంకులో ఆ ఆడవాళ్లు ఖాతాదారులే కాదు, వాటాదారులు. అందులో వాళ్లు ఒకరి దయ మీద నిలబడలేదు. కౌంటరు ఇవతలా అవతలా కూడా వాళ్లే.

ఈ రంగంలో నాయకత్వం అంటే ఇదే అని నాకు అర్థమైంది. ఆడవాళ్లకు మంచి చేసి పెట్టడం కాదు. తమ మంచి తామే చేసుకోగల సంస్థను వాళ్ల చేతుల్లో నిలబెట్టడం.

మూడో పాఠం: మనసొక్కటే చాలదు

"సేవ చేసేవాళ్లకు చదువెందుకు, మనసుంటే చాలదా?" అని మా వారు అడిగారు. దానికి జవాబు సేవా బ్యాంకు చరిత్రలోనే ఉంది. ఒక జాతీయ బ్యాంకులో ఆర్థిక విశ్లేషకురాలిగా పనిచేసిన చార్టర్డ్ అకౌంటెంట్ జయశ్రీ వ్యాస్ 1986లో ఆ బ్యాంకు మేనేజింగ్ డైరెక్టర్‌గా చేరారు. దశాబ్దాల పాటు దాన్ని నడిపారు. మన వృత్తిలో నేర్చినదే ఆమె అక్కడికి తీసుకెళ్లారు. పది రూపాయలు దాచుకున్న ఆడమనిషి డబ్బుకు కూడా ఆడిట్ కావాలి, నిల్వలు కావాలి, నియమాలు కావాలి. ఆ మాటకొస్తే ఆమె డబ్బుకే ఎక్కువ కావాలి. పోతే మళ్లీ సంపాదించుకునే వెసులుబాటు ఆమెకు లేదు.

ఈ రంగంలో పైకి రావాలంటే పనికొచ్చే చదువులు ఇప్పుడు చాలా ఉన్నాయి. 1936లో మొదలైన ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, 1979లో ఆనంద్‌లో ఏర్పడిన గ్రామీణ నిర్వహణ సంస్థ పేరున్నవి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్.డబ్ల్యూ. ఉంది. కామర్స్, న్యాయశాస్త్రం, నర్సింగ్, గణాంక శాస్త్రం చదివినవాళ్లకూ చోటుంది. సంస్థ అధిపతి రోజులో ఎక్కువ భాగం ఏం చేస్తారని మా అమ్మాయి తన పైఅధికారిణిని అడిగి వచ్చింది. బడ్జెట్టు, నివేదికలు, సిబ్బంది తగవులు, దాతలతో మాటలు, అధికారుల చుట్టూ తిరగడం. వారానికి రెండు రోజులైనా ఊళ్లలో కూర్చుని వినడం. ఆ రెండు రోజులూ లేకపోతే మిగతా పనికి అర్థం ఉండదందట.

నాలుగో పాఠం: కుర్చీ దిగడం కూడా నాయకత్వమే

ఇలాబెన్ దారి పూలబాట కాదు. 1981లో గుజరాత్‌లో వైద్య కళాశాలల రిజర్వేషన్లకు వ్యతిరేకంగా అల్లర్లు జరిగినప్పుడు ఆమె దళితుల పక్షాన నిలబడ్డారు. మాతృసంస్థతో అప్పటికే ఉన్న దూరం పెరిగి, సేవాను అందులోంచి పంపేశారు. పాతికేళ్లకు పైగా పనిచేసిన చోటు అది. వెనక అండ లేకుండా పోయింది. సంఘం మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది అప్పటికే సభ్యుల సొంతం.

1977లో రామన్ మెగసెసే పురస్కారం, 1986లో పద్మభూషణ్, అదే ఏడాది రాజ్యసభకు నామినేషన్ వచ్చాయి. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు, అగర్‌బత్తీలు చేసేవాళ్లు కూడా కార్మికులేనని ఆమె ఏళ్ల తరబడి చెప్పిన మాట చివరికి ప్రపంచానికి వినిపించింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 177వ ఒడంబడికను ఆమోదించింది. అదే ఏడాది ఆమె సేవా ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పుకున్నారు. 2022 నవంబరులో కన్నుమూశారు. సేవా సభ్యత్వం ఈనాడు 20 లక్షలు దాటింది. సభ్యులే ఓటు వేసి ప్రతినిధులను ఎన్నుకుంటారు.

గుజరాత్ సంగతులు విని మా అత్తగారు, "మనవాళ్లలో ఎవరూ లేరా?" అన్నారు. లేకేం! రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారు మద్రాసులో తెలుగు అమ్మాయిల్ని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారుచేస్తూ పని మొదలుపెట్టారు. 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలిగా ఉన్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మన బ్యాంకు కుటుంబాలకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఆమె భర్త సి.డి. దేశ్‌ముఖ్ రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. దుర్గాబాయమ్మగారు 1981లో పోయారు. సభ నడిపే విద్యాసంస్థలు ఆ తర్వాతా నడిచాయి. "ఆ సభ పేరు మా అమ్మ చెప్పేది" అని మా అత్తగారు ఆరోజు మొదటిసారి మెత్తబడ్డారు.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

ఆదర్శం వేరు, అప్రమత్తత వేరు. పిల్లలు ఇలాంటి ఉద్యోగంలో చేరతామంటే మనం అప్పు దరఖాస్తు చూసినట్టే చూడవచ్చు. మేము అడిగి తెలుసుకున్నవి ఇవి.

సంస్థ ఏ చట్టం కింద రిజిస్టరయింది? సొసైటీయా, ట్రస్టా, కంపెనీల చట్టం సెక్షన్ 8 కిందనా? పన్ను మినహాయింపులకు కావలసిన ఆదాయపు పన్ను నమోదులు ఉన్నాయా? విదేశీ నిధులు తీసుకుంటే 2010 నాటి ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి ఉందా?

మూడేళ్ల ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా? డబ్బంతా ఒకే దాత నుంచి వస్తోందా? అలాగైతే ఆ దాత మానుకున్న మర్నాడు జీతాలు ఎలా?

నియామక పత్రం ఇస్తారా? ప్రావిడెంట్ ఫండ్, ఆరోగ్య బీమా ఉన్నాయా? పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. ఉందా? ఊళ్లలో రాత్రి ఉండాల్సి వస్తే బస ఎక్కడ?

ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఎవరి కోసం ఆ సంస్థ ఉందో ఆ ఆడవాళ్ల మాటకు, ఆడపిల్లల మాటకు నిర్ణయాల్లో చోటు ఉందా?

మా అమ్మాయి సంస్థ ఒకటి తప్ప అన్నిటికీ సరైన జవాబులు ఇచ్చింది. వాళ్ల నిధుల్లో సగానికి పైగా ఒకే కంపెనీ నుంచి వస్తున్నాయి. ఆ మాట దాచకుండా చెప్పారు. అప్పు దరఖాస్తులో బలహీనత దాచనివాడి మీద నాకు నమ్మకం ఎక్కువ. రెండేళ్లు పనిచేసి చూడమన్నాం. పీవో పరీక్షకు వయసు ఇంకా ఉంది కాబట్టి ఆ తలుపు మూయొద్దన్నాం. సరేనంది.

జూన్‌లో చేరింది. వెళ్లిన రెండో నెలలో ఫోన్ చేసి, "అమ్మా, పదిహేనేళ్ల పిల్లకు ఉపకార వేతనం కోసం ఖాతా తెరవాలి. తండ్రి లేడు, తల్లికి సంతకం రాదు. మీ బ్యాంకోళ్లు మూడుసార్లు తిప్పారు" అంది. ఏయే కాగితాలు కావాలో, వేలిముద్ర ఎలా తీసుకోవాలో, ఎవర్ని అడగాలో వరుసగా చెప్పాను. రాసుకుంది. ఫోన్ పెట్టేశాక 'మూడుసార్లు' అన్న మాట చెవిలో అలాగే ఉండిపోయింది.

ఆ సోమవారం నుంచి మా శాఖలో పొద్దున పది నుంచి పదకొండు దాకా హాల్లో ఒక బల్ల వేయిస్తున్నాం. ఫారం నింపుకోలేనివాళ్లకు మాలో ఒకరు నింపి పెడతాం. మొదటి రోజు ఆ బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. కూరలమ్మే ఒకావిడ వచ్చి, కొంగు ముడి విప్పుతూ, "మధ్యాహ్నం రమ్మంటారా అమ్మా?" అంది.

"లేదమ్మా, ఇప్పుడే కూర్చో" అన్నాను.